బుధవారం మాటలు

మా వీధిలో మా ఇంటి మీద ఒక జోకు ఉండేది. "వాళ్ళింట్లో మైకూ ఉంది, లౌడుస్పీకరూ ఉంది, మధ్యలో తీగే లేదు" అనేవాళ్ళు. మైకు నేను. బస్టాండులో గాజు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం నా ఉద్యోగం. లౌడుస్పీకరు మా నాన్న. బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేసి చేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. తన గొంతు తనకే వినపడదు కాబట్టి, మంచినీళ్ళు ఇమ్మని అడిగినా ఊరంతటికీ చాటినట్టే ఉండేది. ఆ జోకు వేసినవాడెవడో గానీ బాగానే వేశాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

ఆ వర్షాకాలం మొదలయ్యేనాటికి అమ్మ పోయి ఎన్నాళ్ళో కాలేదు. అమ్మ ఉన్నంతకాలం మా ఇంట్లో తీగ ఆవిడే. ఆవిడా అదే మిల్లులో పనిచేసింది. మగ్గాలు ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని ఆ షెడ్డులో ఎవరూ గొంతు వాడరు. పెదవులు పెద్దగా, సాగదీసి కదిలిస్తూ, శబ్దం లేకుండా మాట్లాడుకుంటారు. ఎదుటివాళ్ళు నోరు చూసి చదువుకుంటారు. అమ్మా నాన్నా ఆ భాషను ఇంటికి తెచ్చుకున్నారు. వంటింట్లోంచి ఆవిడ, వరండాలోంచి ఆయన, గంటలకొద్దీ కబుర్లు. చప్పుడుండదు, నవ్వులు మాత్రం ఉండేవి. చిన్నప్పుడు నేనూ అన్నయ్యా మధ్యలో నిలబడి, "ఏం మాట్లాడుకుంటున్నారు? మాకూ చెప్పండి" అని గోల చేసేవాళ్ళం.

"ఏం లేదులే, ఉప్పు గురించి" అనేది అమ్మ.

ఎప్పుడడిగినా ఉప్పు గురించే. అంత ఉప్పు ఏ ఇంట్లోనూ వాడరని నాకు అప్పుడే అనుమానం.

అమ్మ పోయాక నాన్నకి మాట్లాడటానికి మనిషి లేకుండా పోయింది. నేనున్నాను, పేరుకి. పెళ్ళి సంగతి అడిగేవాళ్ళు కూడా అడగడం మానేసిన వయసు నాది. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేదాన్ని. "అన్నం తిన్నావా?" అని అరిచేదాన్ని. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, తల తిప్పేసుకునేవాడు. గోడకి చెప్పినా అంతకంటే నయం, గోడ తల తిప్పుకోదు. అన్నయ్య కొనిచ్చిన చెవి మిషను సొరుగులో పడి ఉండేది. పెట్టుకోమంటే, "దాంట్లో మాటలు రావు, మళ్ళీ మిల్లే వస్తుంది!" అని వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పేవాడు. ఒకే గదిలో ఇద్దరం వీపులు చూపించుకుంటూ తినేవాళ్ళం. రోజంతా వేలమందికి వినపడే గొంతు నాది. ఇంటికొస్తే దాన్ని వినేవాళ్ళు లేరు. బస్టాండులో విన్నవాళ్ళయినా వాళ్ళ బస్సు కోసం విన్నారు గానీ నా కోసమా?

ఒకరోజు అన్నయ్యకి ఫోను చేశాను. "నా వల్ల కాదు అన్నయ్యా. ఇద్దరం ఉండి ఒంటరిగా ఉండటం కంటే ఒక్కదాన్నే ఉండటం నయం" అన్నాను. అన్నయ్య ఉండేది దూరపు ఊళ్ళో. ఆ ఆదివారమే వచ్చాడు. "వానలు తగ్గాక మా ఇంటికి తీసుకెళ్తాను. ఇక అక్కడే ఉందువుగాని" అని కాగితం మీద రాసి నాన్న చేతికిచ్చాడు. నాన్న చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, "సరే!" అన్నాడు.

ఆ వారంలోనే పాస్టరుగారు బస్టాండుకొచ్చి గాజు తలుపు తట్టారు. వాళ్ళావిడ, మేమంతా పాస్టరమ్మగారు అనేవాళ్ళం, చర్చి వెనక రేకుల హాల్లో బుధవారం సాయంత్రాలు ధ్యానం చేయించేవారు. పాటలూ ప్రసంగాలూ ఏమీ ఉండవు. కుర్చీల్లో కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఆవిడ మెల్లగా ఒక్కో మాటే చెబుతూ మనుషుల్ని లోపలి అలజడి నుంచి దేవుడి ప్రేమ దగ్గరికి నడిపించేవారు. అమ్మ ఎప్పుడూ మానేది కాదు. ఇప్పుడు పాస్టరమ్మగారి గొంతుకి ఆపరేషను అయింది. వానలు వెళ్ళేదాకా గుసగుస కూడా ఆడకూడదని డాక్టరు చెప్పాడు.

"నీ గొంతు కావాలమ్మా" అన్నారు పాస్టరుగారు.

"నాకంత భక్తి లేదండీ."

"భక్తి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు గొంతు తీసుకురా."

ఒప్పుకున్నాను. భక్తితో కాదు, వారానికొక సాయంత్రం ఆ ఇంట్లో కూర్చోనక్కర్లేదని. తీరా మొదటి బుధవారం గొడుగు తీసుకుని బయలుదేరితే, నాన్న కూడా చొక్కా మార్చుకుని నా వెనకే వచ్చాడు. అమ్మ ఉన్న రోజుల్లో ఆయన చర్చి గుమ్మం దాటింది లేదు. ఆవిణ్ని దిగబెట్టి, సైకిలు పట్టుకుని బయట నిలబడేవాడు. ఇప్పుడు నేరుగా లోపలికొచ్చి, ముందు వరసలో, సరిగ్గా నాకెదురుగా కూర్చున్నాడు. చెవులు లేని మనిషికి ధ్యానమేంటి? ఇంట్లో ఒక్కడూ ఉండలేక వచ్చాడు, కాసేపు కునుకు తీస్తాడు అనుకున్నాను.

మొదటి రోజు నా పరువు పోయింది. పాస్టరమ్మగారు రాసిచ్చిన కాగితం పట్టుకుని, అందరూ కళ్ళు మూసుకున్నాక గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ, "ప్రయాణికులకు గమనిక" అన్నాను. కాలికి కట్టుతో వచ్చిన లారీ డ్రైవరు కళ్ళు తెరవకుండానే, "ఏ ప్లాట్‌ఫారమమ్మా?" అన్నాడు. ధ్యానం మొదలవ్వాల్సినచోట నవ్వులు మొదలయ్యాయి. మిగతాదంతా నేను గబగబా చదివి పారేశాను.

అయిపోయాక పాస్టరమ్మగారు నా దగ్గరికి రాకుండా నాన్న దగ్గరికి వెళ్ళారు. ఆయన ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదవులు కదిలించారు. నాన్న ఆవిడ నోటినే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి హాలు దద్దరిల్లేలా చెప్పాడు.

"అమ్మగారు అంటున్నారు! బస్సు వెళ్ళిపోతున్నట్టు చదవకూడదట! ఒక్కో మాటా మనిషి చేతిలో పెట్టినట్టు ఇవ్వాలట! నోరు పూర్తిగా తెరవాలట! చదివి కాదు, నేర్చుకుని చెప్పాలట! చెప్పేవాళ్ళు కూడా కళ్ళు మూసుకోవాలట, లేకపోతే అది కాపలా కాసినట్టుంటుందట!"

నోరు తెరవాలన్న ముక్క నాకు గుచ్చుకుంది. మైకు ముందు పెదవులు పెద్దగా విప్పితే ఊపిరి కూడా ఫటఫటమని వినిపిస్తుంది. అందుకని కదిలీ కదలని పెదవులతో మాట్లాడటం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. ఇంట్లోనూ అదే నోరు. కానీ పెద్దావిడ చెప్పాక కాదనేదేముంది? ఆ వారమంతా బస్సులు లేని సమయం చూసి, మైకు ఆపేసి, గాజు గదిలో కూర్చుని సాధన చేశాను. బయట బెంచీల మీదివాళ్ళు చేపని చూసినట్టు చూసేవాళ్ళు.

అలా ఆ మాటలు నోటికొచ్చేశాయి. "ఊపిరి తీసుకోండి. లోపలికొచ్చేది దేవుడి ప్రేమ. వదలండి. బయటికి పోయేది మీ బెంగ. ఇప్పుడు ఆయన మీ ఎదురుగా కూర్చున్నాడు. మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. చూస్తున్నాడంతే. చూడనివ్వండి." కాసేపు మౌనం. "ఆయన అంటున్నాడు. భయపడకు. నువ్వు ఒంటరివి కావు. నేను నిన్ను విడిచి ఎక్కడికీ వెళ్ళను." మళ్ళీ మౌనం, ఈసారి చాలాసేపు.

జనానికి బాగా పట్టింది. రాత్రి డ్యూటీల నర్సు, ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయానని నా చేతులు పట్టుకుంది. లారీ డ్రైవరు కళ్ళు తుడుచుకుని, జలుబన్నాడు. నాకు మాత్రం ఏమీ పట్టలేదు. వడ్డించేదాన్నే గానీ నా ఆకలి తీరేది కాదు. కళ్ళు మూసుకుని "ఆయన మీ ఎదురుగా కూర్చున్నాడు" అంటున్నప్పుడల్లా నా ఎదురుగా ఉన్నది వట్టి చీకటే. దేవుడు చూస్తే చూశాడు, నాకు తెలియడం లేదే అని లోపల ఏడుపొచ్చేది.

ధ్యానం అయ్యాక ప్రతివారం ఒక దృశ్యం తప్పేది కాదు. పాస్టరమ్మగారూ నాన్నా గోడవారగా బెంచీ మీద ఎదురెదురుగా తిరిగి కూర్చునేవాళ్ళు. ఆవిడ పెదవులు కదిలించడం, ఈయన చూడటం, ఈయనా గొంతు లేకుండానే జవాబివ్వడం, ఇద్దరూ భుజాలు ఊగేలా నవ్వుకోవడం. గొంతు లేని ఆవిడకీ చెవులు లేని ఆయనకీ ఇన్ని కబుర్లా! అమ్మ పోయాక నాన్న నవ్వగా నేను చూసింది అక్కడే. నేను కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తూ, చిన్నప్పటిలా మధ్యలో నిలబడి "ఏం మాట్లాడుకుంటున్నారు" అని అడగాలనిపించి, అడగకుండా ఊరుకునేదాన్ని. ఆ తర్వాత ఒకే గొడుగు కింద ఇంటికి నడిచేవాళ్ళం, ఉలుకూ పలుకూ లేకుండా.

వానలు తగ్గుముఖం పట్టాయి. శనివారం వస్తున్నానని అన్నయ్య ఫోను చేశాడు. "శనివారం. పెట్టె సర్దుకో" అని నాన్నకి అరిచి, వేలితో అటక మీది పెట్టె చూపించాను. ఆయన దింపుకుని సర్దుకున్నాడు. మిల్లులో తాన్లు మడిచిన చెయ్యి కదా, చొక్కాలు అంచుకి అంచు కలిపి మడిచాడు. అమ్మ శాలువా ఒకటి కొక్కేనికి వేలాడుతుండేది. దాన్ని తీసి నాకు చూపించి కనుబొమ్మలు ఎగరేశాడు, తీసుకెళ్ళనా అని. "నీ ఇష్టం" అన్నాను. ఆయన నా నోరు చూశాడు. ఇంకోసారి చూశాడు. ఏమనుకున్నాడో, శాలువా మళ్ళీ కొక్కేనికే తగిలించేశాడు.

అది మంగళవారం. మర్నాడు సాయంత్రం, పోతూ పోతూ ఒక దెబ్బ కొట్టి పోదామన్నట్టు వాన విరుచుకుపడింది. కరెంటు పోయింది. పాస్టరుగారు హాల్లో కొవ్వొత్తులు వెలిగించారు. ఆ వానలోనూ వచ్చినవాళ్ళు వచ్చారు. నాన్న తన కుర్చీలో తను. నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఊపిరి తీసుకునేదాకా బాగానే ఉంది. "ఇప్పుడు ఆయన మీ ఎదురుగా" అనేసరికి రేకుల మీద మోత పెరిగింది. గొంతు పెంచాను. మైకు లేకపోతే నా గొంతెంత? నాకే వినపడలేదు. ఆగిపోయి, కాగితం మానేశాక మొదటిసారి ధ్యానం మధ్యలో కళ్ళు తెరిచాను.

అందరూ కళ్ళు మూసుకుని, నేను ఆపిన చోటే ఆగి, ఎదురుచూస్తూ కూర్చున్నారు. నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. కునుకు లేదు, ఏమీ లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కాస్త ముందుకి వంగి, నా నోటినే చూస్తున్నాడు. ఆ కూర్చున్న తీరు చూస్తే తెలిసిపోయింది, ఇది ఇవాళ్టి సంగతి కాదని. కళ్ళు మూసుకుని, ఎవరో మిమ్మల్ని ఏమీ అడక్కుండా చూస్తున్నారని నేను ఊరంతటికీ చెబుతున్నంతకాలమూ, నా ఎదుటి కుర్చీలో అది జరుగుతూనే ఉంది.

నాన్న పెదవులు కదిలాయి, శబ్దం లేకుండా. "ఆగావేం?"

నాకర్థమైంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పెదవులు, ఇలా నాతోనే అంటే అర్థం కాకపోవడమేంటి. నేనూ నోరు పూర్తిగా తెరిచి, గొంతు లేకుండా అన్నాను. "వాన. వినపడట్లేదు."

ఆయన తలెత్తి రేకుల వైపు చూశాడు, కప్పుకి చప్పుడుంటుందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు. తర్వాత నా వైపు తిరిగి, పెదవులతోనే, "నువ్వు చెప్పు. నేనంటాను" అన్నాడు.

నేను ఒక్కో మాటా పెదవులతో ఇచ్చాను. ఆయన అందుకుని గొంతెత్తాడు. దుకాణాల్లో, బస్సుల్లో ఆ గొంతుకి నేను ఎన్నిసార్లు తలదించుకున్నానో! మంచినీళ్ళు అడిగినా వీధి చివరిదాకా పోయే గొంతుకి వాన ఒక లెక్కా?

"ఆయన మీ ఎదురుగా కూర్చున్నాడు!"

లారీ డ్రైవరు ఉలిక్కిపడ్డాడు గానీ కళ్ళు తెరవలేదు. నర్సు పెదవుల మీద చిన్న నవ్వొచ్చి ఉండిపోయింది.

"మిమ్మల్ని ఏమీ అడగడం లేదు! చూస్తున్నాడంతే! చూడనివ్వండి!"

మనశ్శాంతి గురించి అంత గట్టిగా ఎవరూ చెప్పి ఉండరు. అయినా నవ్వులాటగా లేదు. "భయపడకు! నువ్వు ఒంటరివి కావు!" దాకా ఆయన గొంతు ఎక్కడా తగ్గలేదు. చివరి మాట దగ్గరికొచ్చేసరికి ఆగాడు. నేను పెదవులతో మళ్ళీ చెప్పాను. నేను నిన్ను విడిచి ఎక్కడికీ వెళ్ళను. ఆయన నా నోటి మీంచి చూపు తీసి నా కళ్ళలోకి చూశాడు. అప్పుడు అన్నాడు, ఆ ఒక్కటి మాత్రం మెల్లగా. వానలో ఎవరికీ వినపడి ఉండదు. మౌనం అనుకున్నారు.

మోత తగ్గి, కరెంటు వచ్చాక అందరూ లేచారు. గుమ్మం దగ్గర పాస్టరమ్మగారు నా భుజం మీద చెయ్యేశారు. ఆ పొద్దున్నే డాక్టరు ఆవిడకి గుసగుస దాకా అనుమతి ఇచ్చాడట.

"బాగా చెప్పారు ఇద్దరూ" అన్నారు, గాలిలాంటి గొంతుతో.

"అంతా మీరు నేర్పిందేనండీ. నోరు పూర్తిగా తెరవమని మొదటిరోజే చెప్పారుగా."

ఆవిడ నాన్న వైపు చూసి, నా వైపు చూశారు. "మెల్లగా చెప్పమన్నాను. కళ్ళు మూసుకోమన్నాను. నోటి సంగతి నేనేమీ అనలేదే!"

వాన జల్లులోకి దిగింది. ఎప్పటిలాగే ఒక గొడుగు కిందే బయలుదేరాం. నాలుగడుగులు వేశాక నాన్న గొడుగు నాకిచ్చి, ముందుకెళ్ళి, నా వైపు తిరిగి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. పక్కన నడిస్తే నోరు కనపడదు మరి. జల్లు ఆయన నెత్తి మీద పడుతోంది.

"అలా నడిస్తే పడతావు నాన్నా" అన్నాను, మాట విప్పి.

"రాయి వస్తే నువ్వు చెప్పు!"

"ఇన్నాళ్ళూ కళ్ళు తెరుచుకునే కూర్చున్నావా?"

"మూసుకుంటే నాకేం వినపడుతుంది?" అన్నాడు, నేనేదో తిక్క ప్రశ్న వేసినట్టు.

"దేవుడి మాటలు నీకు అంత ఇష్టమా?"

"దేవుడి సంగతులు మీ అమ్మ చూసుకునేది. నాకంత తెలీదు. ఇంట్లో నీ నోరు విడిపోదమ్మా, నేను ఎంత చూసినా ఏమీ దొరకదు. ఆ హాల్లో ఒక్కచోటే విప్పుతావు. అక్కడ ప్రతి మాటా అందేది. నాతోనే అంటున్నట్టుండేది." నెత్తి మీది నీళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ అన్నాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. "వారం వారం నా ఎదురుగా నిలబడి, నిన్ను విడిచి ఎక్కడికీ వెళ్ళను అంటావు. ఇంటికొచ్చి పెట్టె సర్దుకోమంటావు. ఆ రెండింట్లో ఏది నమ్మాలి?"

ఆయన గొంతు సంగతి తెలిసిందే కదా. దారి పక్కన కొట్టు మూయబోతున్న రొట్టెల దుకాణదారు, విననట్టు, తన చేతిలోని తాళం వంక శ్రద్ధగా చూసుకోవడం మొదలుపెట్టాడు. అవి దేవుడి మాటలు నాన్నా, నావి కావు అనబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆయనకి అవి అందింది నా నోట్లోంచే. దేవుడికి మాత్రం మా నాన్నతో మాట్లాడటానికి ఇంకో నోరు ఎక్కడుంది?

కొట్టు దీపం వెలుగు నా మొహం మీద పడేలా నిలబడ్డాను. అమ్మ నిలబడినట్టే.

"మొదటిది" అన్నాను.

"ఏంటీ?"

"మొదటిది, నాన్నా."

"మళ్ళీ చెప్పు!"

ఆయనకి మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు. అయినా చెప్పాను. అడిగినన్నిసార్లూ చెప్పాను, ఏడుస్తూనే, పెదవులు మాత్రం వంకర పోకుండా.

శనివారం అన్నయ్య కారేసుకుని వచ్చాడు. పెట్టె అటక మీద ఉంది. శాలువా నాన్న భుజాల మీద ఉంది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను, నాన్న వరండాలో కూర్చున్నాడు, అన్నయ్య మధ్యలో నిలబడ్డాడు.

"ఏంటి, ఇంకా సర్దలేదా? నీ కోడలు పైగది కడిగించి పెట్టింది" అన్నాడు అన్నయ్య, నాన్న చెవి దగ్గర వంగి అరుస్తూ.

నాన్న అన్నయ్య భుజం మీదుగా నా వైపు చూశాడు. పెదవులతో అడిగాడు. "వీడికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు చెబితే వీధంతా వింటుంది" అన్నాను, పెదవులతోనే.

"విననీ. బుధవారాలు నాకు పనుందని చెప్పు. లౌడుస్పీకరు లేకపోతే వాళ్ళకి గడవదని చెప్పు."

నాకు నవ్వాగలేదు. ఆయనకీ ఆగలేదు. అన్నయ్య అటూ ఇటూ తల తిప్పి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు? నాకూ చెప్పండి" అన్నాడు.

టీ కప్పు అన్నయ్య చేతికిస్తూ, "ఏం లేదులే అన్నయ్యా, ఉప్పు గురించి" అన్నాను.